అందమైన ప్రతిదీ బ్యూటిఫులేనా?

తెలుగులో 'అందమైన' అనే మాట చాలా ఓపికగలది. అమ్మాయి, అబ్బాయి, కొండ, చేతిరాత, ఆలోచన, చివరికి అబద్ధం పక్కన పెట్టినా కిమ్మనదు. ఇంగ్లీషులో ఆ చాకిరీ అంతా ఒంటిచేత్తో చేసే మాట లేదు. నిఘంటువు తిరగేస్తే బ్యూటిఫుల్, ప్రెట్టీ, హ్యాండ్‌సమ్, లవ్లీ, అట్రాక్టివ్, చార్మింగ్ అన్నిటికీ ఎదురుగా 'అందమైన, ఆకర్షణీయమైన' అనే ఉంటుంది. దాంతో ఇవన్నీ ఒకటేనని అనుకుంటాం. లేదంటే మెట్లు కడతాం: కాస్త అందమైతే ప్రెట్టీ, బాగా అయితే బ్యూటిఫుల్, మరీ అయితే గార్జియస్. ఈ మెట్ల లెక్క కొన్నిచోట్ల పనికొస్తుంది, చాలాచోట్ల బోల్తా కొట్టిస్తుంది. ఎందుకంటే ఈ మాటలు ఎంత అందమో చెప్పడం కంటే ఆ అందం ఎక్కడుందో ఎక్కువ చెబుతాయి. ముఖంలో ఉందా, పనితనంలో ఉందా, మాటతీరులో ఉందా, చూసినవాళ్ల గుండె దడలో ఉందా అన్నది తేల్చుకుంటే మాట దానంతటదే దొరుకుతుంది.

తెలుగుకు ఈ తేడాలు తెలియవని కాదు. ముద్దు, ముచ్చట, సొగసు, ఒయ్యారం, ఠీవి, కళ, చక్కదనం... మన దగ్గరా బోలెడున్నాయి. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి వాటన్నిటినీ 'అందం' అనే ఒక్క మూటలో కట్టి బ్యూటిఫుల్ అనేస్తాం. ఆ మూట విప్పడమే పని.

బ్యూటిఫుల్, ప్రెట్టీ

ముందు ఈ రెండూ తేలితే సగం చిక్కు తీరినట్టే. బ్యూటిఫుల్ బరువైన మాట. లాటిన్ 'బెల్లస్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మొత్తంగా చూసినప్పుడు మనసు నిండింది అనే అర్థం దానిలో ఉంటుంది. అందుకే స్త్రీకీ, పసిబిడ్డకీ, సముద్రానికీ, గొంతుకీ, గణితంలో ఒక నిరూపణకీ కూడా అది సరిపోతుంది.

ప్రెట్టీ తేలికైనది. ప్రాచీన ఇంగ్లీషులో దీని పూర్వరూపానికి అర్థం 'జిత్తులమారి' అని. జిత్తుల నుంచి నేర్పుకీ, నేర్పు నుంచి నేర్పుగా చేసిన వస్తువుకీ, అక్కడి నుంచి చూడ్డానికి ముచ్చటైనదానికీ జారుతూ వచ్చింది. ఆ 'ముచ్చట' ఇప్పటికీ వదల్లేదు. పువ్వు, గౌను, చిన్న ఇల్లు, హాయిగా సాగే బాణీ ప్రెట్టీ. మంచు కప్పిన మహాపర్వతాన్ని ప్రెట్టీ అంటే అది గ్రీటింగు కార్డు మీది గుట్టలా కుంచించుకుపోతుంది. 1757లో ఐరిష్ ఆలోచనాపరుడు ఎడ్మండ్ బర్క్ అందాన్నీ మహత్తునీ విడదీస్తూ రాసిన గ్రంథంలో, చిన్నగా నున్నగా ఉండడం అందానికి గుర్తులని చెప్పాడు. ఆయన బ్యూటిఫుల్ గురించి చెప్పిన ఆ లక్షణాలు నేటి వాడుకలో ప్రెట్టీకే ఎక్కువ నప్పుతాయి.

మనుషుల విషయంలో ప్రెట్టీ పైపై అందం గురించి మాట్లాడుతుంది, లోతు జోలికి పోదు. 'నాట్ జస్ట్ ఎ ప్రెట్టీ ఫేస్' అనే నానుడి పుట్టింది అందుకే: అందమొక్కటే కాదు, బుర్ర కూడా ఉంది అని. మగవాణ్ణి ప్రెట్టీ అంటే మెచ్చుకోలుగా వినిపించే సందర్భాలు తక్కువ. 'ప్రెట్టీ బాయ్' అన్నది చాలావరకు ఎకసెక్కమే. ఒక నడివయసు స్త్రీతో ప్రెట్టీ అంటే ఆమెకు తనను చిన్నపిల్లను చేసి మాట్లాడినట్టు అనిపించవచ్చు. అలాగని వెంటనే బ్యూటిఫుల్‌కి ఎగబాకడమూ క్షేమం కాదు. పరిచయం లేనివాళ్లతో అది మరీ దగ్గరితనం చూపించినట్టవుతుంది.

ప్రెట్టీకి ఇంకో అవతారం ఉంది. విశేషణం ముందు చేరితే దాని అర్థం 'అందమైన' కాదు, 'బాగానే, ఒక మాదిరికి మించి'. 'ప్రెట్టీ అగ్లీ' అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది. 'యువర్ రిపోర్ట్ ఈజ్ ప్రెట్టీ గుడ్' అని పైఅధికారి రాస్తే పొంగిపోనక్కర్లేదు. అది 'అద్భుతం' కాదు, 'బాగానే ఉంది'. పలికేటప్పుడు మొదటి అక్షరం 'ప్రె' కాదు, 'ప్రి'. ఇంగ్లీషు అక్షరాలు చూసి పలికేవాళ్లు దాదాపు అందరూ ఇక్కడ తప్పుతారు.

హ్యాండ్‌సమ్ మగవాళ్ల సొత్తా?

బడిలో చెప్పే సూత్రం: ఆడవాళ్లు బ్యూటిఫుల్, మగవాళ్లు హ్యాండ్‌సమ్. నూటికి తొంభై సందర్భాల్లో ఇది గండం గట్టెక్కిస్తుంది. మిగతా పదింటి కోసం మాట లోపలికి చూడాలి. 'హ్యాండ్' అంటే చెయ్యే. మొదట్లో హ్యాండ్‌సమ్ అంటే చేతితో పట్టుకోవడానికి, వాడుకోవడానికి వీలైనది. తర్వాత తగినంత పరిమాణం ఉన్నది అయింది. ముఖసౌందర్యం దాకా వచ్చింది 16వ శతాబ్దం చివర్లో. మధ్యలో వచ్చిన ఆ 'తగినంత' అర్థం ఇంకా బతికే ఉంది: 'హ్యాండ్‌సమ్ ప్రాఫిట్' అంటే అందమైన లాభం కాదు, దండిగా వచ్చిన లాభం. 'హ్యాండ్‌సమ్ మెజారిటీ' అంటే భారీ ఆధిక్యం. 'హ్యాండ్‌సమ్ అపాలజీ' అంటే నీళ్లు నమలకుండా మనస్ఫూర్తిగా చెప్పిన క్షమాపణ.

నిండుదనం, పొందిక, ఠీవి: ఈ మూడూ ఉన్నచోట హ్యాండ్‌సమ్ ఒదుగుతుంది. అందుకే భవనానికీ, పాతకాలపు బల్లకీ, గుర్రానికీ వాడతారు. స్త్రీకి కూడా వాడతారు. 'షి ఈజ్ ఎ హ్యాండ్‌సమ్ వుమన్' అనగానే ఇంగ్లీషు చదువరికి కళ్ల ముందు కనిపించేది యాభై దాటిన, నిటారుగా నడిచే, దవడ ఎముక స్పష్టంగా ఉన్న, ఎదుటివాళ్లు అసంకల్పితంగా లేచి నిలబడే మనిషి. అదే వాక్యంలో మాట మార్చి చూడండి. 'ప్రెట్టీ వుమన్' అంటే వయసు తగ్గిపోతుంది, ముఖం సుకుమారమవుతుంది. 'స్ట్రైకింగ్ వుమన్' అంటే అందగత్తె కావచ్చు, కాకపోవచ్చు. గదిలోకి వస్తే చూపు తిప్పుకోలేరు. 'లవ్లీ వుమన్' అంటే ముఖం వెనక్కి వెళ్లి మంచితనం ముందుకొస్తుంది. 'అట్రాక్టివ్ వుమన్' అంటే చెప్పేవాడు కాస్త దూరం పాటిస్తున్నాడు. మనిషి ఒక్కరే, కానీ ఐదు ఫోటోలు వచ్చాయి.

ఇరవై ఏళ్ల అమ్మాయిని హ్యాండ్‌సమ్ అంటే మాత్రం మొహం చిట్లిస్తుంది. మగవాణ్ణి బ్యూటిఫుల్ అనడం ఇప్పుడు తప్పేమీ కాదు గానీ అది చాలా సున్నితమైన ముఖకవళికల్ని సూచిస్తుంది. 'హి ఈజ్ ఎ బ్యూటిఫుల్ పర్సన్' అన్నప్పుడు మాత్రం సాధారణంగా మనసు గురించే. ఉచ్చారణలో 'డ్' పలకదు: హ్యాన్సమ్.

ఎవరికి ఏది వాడాలో తేలని చోట గుడ్-లుకింగ్ సాధు జంతువు. ఆడ, మగ ఇద్దరికీ చెల్లుతుంది, రూపం తప్ప మరేమీ చెప్పదు. పోల్చేటప్పుడు 'మోర్ గుడ్-లుకింగ్' కన్నా 'బెటర్-లుకింగ్', 'బెస్ట్-లుకింగ్' సహజం. హ్యాండ్‌సమ్‌కి 'హ్యాండ్‌సమర్' అనే రూపం నిఘంటువుల్లో ఉన్నా, చెవికి అలవాటైంది 'మోర్ హ్యాండ్‌సమ్'. ప్రెట్టియర్, క్యూటర్, లవ్లియర్ మామూలే.

క్యూట్ తల పోగొట్టుకున్న మాట

'అక్యూట్' అంటే పదునైన. 18వ శతాబ్దంలో వాడుకలో దాని మొదటి అక్షరం ఊడిపోయి 'క్యూట్' మిగిలింది. అప్పుడు అర్థం చురుకైన బుర్ర గలవాడని. 19వ శతాబ్దంలో అమెరికాలో అది 'ముద్దొచ్చే' అనే అర్థంలోకి దిగింది. పాత పదును పూర్తిగా పోలేదు: 'డోంట్ గెట్ క్యూట్ విత్ మి' అంటే 'నా దగ్గర ముద్దులు పోకు' అని కాదు, 'అతితెలివి చూపించకు' అని హెచ్చరిక.

తెలుగులో దీనికి సరిజోడు 'ముద్దుగా ఉంది'. ఏది ముద్దొస్తుంది? చిన్నది, మెత్తనిది, మనకు ప్రమాదం లేనిది. పసిపాప, కుక్కపిల్ల, అరచేతిలో ఇమిడే టీకప్పు. దీని చిక్కంతా ఇక్కడే ఉంది. క్యూట్ అన్నామంటే ఎదుటిదాన్ని చిన్నది చేశాం. తోటి ఉద్యోగి వారం రోజులు కష్టపడి తెచ్చిన ప్రతిపాదనను 'క్యూట్ ఐడియా' అంటే అది మెప్పు కాదు, చెంపదెబ్బ. పెద్దవాళ్లను, పైవాళ్లను క్యూట్ అనడం కూడా అంతే. అమెరికన్ కుర్రకారు మాటల్లో 'హి ఈజ్ క్యూట్' అంటే మనసు లాగుతున్నాడని అర్థం. అక్కడ పసితనంతో పని లేదు.

గుండెకు తగిలే మాటలు

గార్జియస్, స్టన్నింగ్, స్ట్రైకింగ్, బ్రెత్‌టేకింగ్. వీటిలో అందం వస్తువులో కన్నా చూసేవాళ్లకు తగిలిన దెబ్బలో ఉంటుంది. స్ట్రైక్ అంటే కొట్టడం, స్టన్ అంటే దిమ్మ తిరగడం, బ్రెత్‌టేకింగ్ అంటే ఊపిరి లాక్కునేది. 'స్టన్', 'అస్టానిష్' రెండూ ఉరుముకు సంబంధించిన పాత ధాతువు నుంచి వచ్చాయి. ఉరుము ఉరిమినప్పుడు ఒక్క క్షణం కొయ్యబారిపోతామే, అదీ స్టన్నింగ్. అందుకే స్టన్నింగ్ ఓటమి కూడా ఉంటుంది, అందులో అందమేమీ లేకపోయినా. గార్జియస్‌లో దెబ్బ కన్నా వైభవం ఎక్కువ: నిండు రంగులు, మెరుపు, సమృద్ధి. సూర్యాస్తమయం గార్జియస్. తెల్లటి ఖాళీ గది ఎంత అందంగా ఉన్నా గార్జియస్ అనిపించుకోదు, ఎలిగెంట్ అనిపించుకుంటుంది.

ఇక్కడ ఒక వ్యాకరణ గుంట. ఈ మాటలు అప్పటికే కొసకు చేరినవి. వాటి ముందు 'వెరీ' పెడితే అటకెక్కినవాణ్ణి 'ఇంకాస్త పైకెక్కు' అన్నట్టుంటుంది. 'వెరీ గార్జియస్', 'వెరీ స్టన్నింగ్' ఎబ్బెట్టు. 'అబ్సల్యూట్లీ గార్జియస్', 'రియల్లీ స్టన్నింగ్' సహజం. బ్యూటిఫుల్, ప్రెట్టీ, క్యూట్, హ్యాండ్‌సమ్, అట్రాక్టివ్ ముందు మాత్రం 'వెరీ' నిక్షేపంగా పెట్టుకోవచ్చు. 'క్వైట్' ఇంకా మాయదారిది. బ్రిటిష్ వాడుకలో 'క్వైట్ ప్రెట్టీ' అంటే ఫరవాలేదు, ఓ మాదిరి అని. అమెరికన్ చెవికి అదే 'చాలా' అని వినిపిస్తుంది. 'క్వైట్ స్టన్నింగ్' అంటే బ్రిటన్‌లోనూ 'పూర్తిగా' అనే. ఈ తేడా తెలియనివాళ్లు మెచ్చుకుందామని వెళ్లి తూకం తగ్గించి వస్తారు.

మంత్రాల సంచి

చార్మింగ్, ఎన్‌చాంటింగ్, బివిచింగ్, ఫాసినేటింగ్, గ్లామరస్. ఇవన్నీ పుట్టుకతో మంత్రగాళ్ల మాటలు. 'చార్మ్' లాటిన్‌లో పాటకూ మంత్రానికీ ఉన్న పేరు నుంచి వచ్చింది. ఫాసినేట్ చేతబడి నుంచి. 'గ్లామర్' అయితే మరీ విచిత్రం, స్కాట్లండ్ వాడుకలో 'గ్రామర్' మాటే నోరు తిరిగి అలా అయింది. చదువు రానివాళ్లకు వ్యాకరణం తెలిసినవాడు మంత్రాలు తెలిసినవాడిలా కనిపించాడు మరి! తెలుగులో వ్యాకరణం పుస్తకానికీ గ్లామర్‌కీ చుట్టరికం ఉందంటే విద్యార్థులు నమ్మరు.

వాడుకలో ఇప్పుడివి దారులు వేరు చేసుకున్నాయి. చార్మింగ్ రూపాన్ని దాటి నడవడికను చెబుతుంది: మాట, నవ్వు, ఎదుటివాణ్ణి తేలికపరిచే నేర్పు. బక్కపలచని, బట్టతల మనిషి కూడా చార్మింగ్ కావచ్చు. అయితే మితిమీరితే అనుమానం పుట్టిస్తుంది. 'వాడు మరీ తియ్యగా మాట్లాడతాడు' అని మనమన్నట్టే. ఎవరైనా మొరటుగా ప్రవర్తించినప్పుడు 'వెల్, దట్స్ చార్మింగ్!' అన్నారంటే పచ్చి వెటకారం. ఇళ్ల అమ్మకం ప్రకటనల్లో చార్మింగ్ అని ఉంటే ఇల్లు చిన్నది, పాతది అని చదువుకోవడం మేలు. ఫాసినేటింగ్ ఇప్పుడు అందాన్ని వదిలి ఆసక్తి వైపు వచ్చేసింది: ఫాసినేటింగ్ ఉపన్యాసం ఉంటుంది, ఫాసినేటింగ్ గౌను ఉండదు. గ్లామరస్‌లో అలంకరణ, ఖరీదు, వెలుగుల వాసన ఉంటుంది. నిద్ర లేచిన ముఖం బ్యూటిఫుల్ కావచ్చు, గ్లామరస్ కాలేదు. రాసేటప్పుడు బ్రిటిష్ 'గ్లామర్'లో ఉన్న 'యు' అక్షరం 'గ్లామరస్'లో ఎగిరిపోతుందని గుర్తుంచుకోవాలి.

వస్తువులు, ఆలోచనలు, చోట్లు

అట్రాక్టివ్‌లో ఉన్నది లాగడం. ట్రాక్టరులోనూ అదే ధాతువు. మన 'ఆకర్షణ'లోనూ 'కృషి'లోనూ ఉన్నది లాగడం, దున్నడం అనే ఒకే ధాతువు. రెండు భాషలూ ఒకే పొలంలో కలిశాయన్నమాట. లాగేది ముఖమే కానక్కర్లేదు గనుక జీతం, వడ్డీ రేటు, షరతులు అన్నీ అట్రాక్టివ్ కావచ్చు. బ్యూటిఫుల్ జీతం అంటే నవ్వుతారు.

అప్పీలింగ్ అంతకన్నా మెత్తన. ఎవరికి నచ్చుతుందో కూడా చెప్పాలనిపించే మాట. 'అప్పీలింగ్ టు యంగ్ రీడర్స్' అన్నట్టు 'టు' వస్తుంది. అట్రాక్టివ్‌కీ 'టు'నే. టెంప్టింగ్‌లో చిన్న తప్పు చేయబోతున్న భావం ఉంటుంది: వద్దనుకుంటూనే చెయ్యి చాపే ప్రతిపాదన టెంప్టింగ్.

ఎలిగెంట్‌కు 'సొగసు' సగమే సరిపోతుంది. లాటిన్‌లో అది ఏరుకోవడానికి సంబంధించిన మాట. అనవసరమైనదాన్ని ఏరి పారేసిన సొగసు. నలభై పంక్తుల ప్రోగ్రాము పనిని ఆరు పంక్తుల్లో తేల్చితే అది ఎలిగెంట్ సొల్యూషన్. ఎక్స్‌క్విజిట్ సూక్ష్మమైన పనితనానికి, దగ్గరకు తెచ్చుకుని చూడాల్సినవాటికి. పిక్చరెస్క్, సీనిక్ చోట్లకే, మనుషుల మీదికి తేకూడదు.

'గా' చేసే మోసం

'ఆమె అందంగా పాడుతుంది', 'ఆమె అందంగా ఉంది'. తెలుగులో రెండుచోట్లా 'గా'. ఇంగ్లీషు ఇక్కడ దారి చీలుస్తుంది. పాడడం పని కాబట్టి 'షి సింగ్స్ బ్యూటిఫుల్లీ'. కనిపించడం స్థితి కాబట్టి 'షి లుక్స్ బ్యూటిఫుల్'. 'లుక్స్ బ్యూటిఫుల్లీ' అనేది నేరుగా మన 'గా' తెచ్చిపెట్టే తప్పు. స్మెల్, టేస్ట్, సౌండ్, ఫీల్ క్రియలకూ ఇదే సూత్రం. లవ్లీ చివర 'లీ' ఉన్నా అది విశేషణమే. 'షి సింగ్స్ లవ్లీ' కుదరదు.

'యు లుక్ గుడ్' అంటే చూడ్డానికి బాగున్నావు. 'యు లుక్ వెల్' అంటే ఆరోగ్యంగా కనిపిస్తున్నావు. 'యు ఆర్ బ్యూటిఫుల్' మనిషి గురించి తీర్పు, 'యు లుక్ బ్యూటిఫుల్' ఈ పూట గురించి మాట. ఆఫీసులో ఈ రెండూ పక్కనపెట్టి మనిషి ఎంపికను మెచ్చుకోవడం సురక్షితం: 'దట్ కలర్ సూట్స్ యు'. 'హాట్', 'సెక్సీ' అక్కడ నోట రాకూడని మాటలు. విశేషణాలు వరసపెట్టినప్పుడు అభిప్రాయం ముందు, పరిమాణం, వయసు, రంగు తర్వాత: 'ఎ ప్రెట్టీ లిటిల్ రెడ్ బాక్స్'.

దేశం మారితే అర్థం మారే మాటలు రెండున్నాయి. 'హోమ్లీ' మన ఇంగ్లీషులో ఇంటిపట్టున ఉండే స్వభావం, బ్రిటన్‌లో సొంతింటిలా హాయిగా అనిపించడం, అమెరికాలో మాత్రం 'అందవికారి' అనడానికి కాస్త మర్యాద తొడుగు. 'స్మార్ట్' అంటే బ్రిటన్‌లో చక్కగా ముస్తాబైన, అమెరికాలో తెలివైన. 'స్మార్ట్‌గా ఉన్నావు' అని మనం షర్టును మెచ్చుకుంటే అమెరికన్ తన బుర్రను మెచ్చుకున్నారనుకుంటాడు. దానితో నష్టమేమీ లేదు. హోమ్లీతో ఉంది.

ఒక పేరా మరమ్మతు

విద్యార్థి వ్యాసాల్లో తరచూ కనిపించే ధోరణి ఇది, వాక్యాలు ఉదాహరణకు కూర్చినవి: 'వి వెంట్ టు ఎ బ్యూటిఫుల్ విలేజ్. ఇట్ హ్యాడ్ ఎ బ్యూటిఫుల్ లేక్. అవర్ గైడ్ వజ్ ఎ బ్యూటిఫుల్ ఓల్డ్ మ్యాన్. హిజ్ వైఫ్ వజ్ బ్యూటిఫుల్. దే హ్యాడ్ ఎ బ్యూటిఫుల్ పప్పీ. షి గేవ్ అస్ బ్యూటిఫుల్ టీ.'

వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. కానీ ఏదీ కనిపించదు. ఊరు చిన్నదై, ఇళ్లు ముచ్చటగా ఉంటే 'ప్రెట్టీ'. బొమ్మ గీయాలనిపించేలా ఉంటే 'పిక్చరెస్క్'. గైడు కబుర్లతో దారి తెలియనివ్వకపోతే 'చార్మింగ్', కష్టపడి అలసిన మనకు తన గొడుగు ఇచ్చేసే మనిషైతే 'లవ్లీ', తలపండినా నిటారుగా నడిచేవాడైతే 'హ్యాండ్‌సమ్'. మూడూ ఉన్నా ఒకటే ఎంచుకోవాలి. ఆయన భార్య దగ్గర తొందరపడి 'ప్రెట్టీ' రాయకూడదు; వయసుకు తగ్గ తేజస్సు ఉంటే 'స్ట్రైకింగ్' మేలు. కుక్కపిల్ల 'క్యూట్', అందులో వాదన లేదు. టీ 'లవ్లీ', బ్రిటిష్ నోట ఇదే మొదట వస్తుంది. గైడుకు 'లవ్లీ' వాడేసి ఉంటే మాత్రం ఇక్కడ 'నైస్'తో సరిపెట్టాలి. సరస్సును కదిలించొద్దు. దానికి 'బ్యూటిఫుల్' అలాగే ఉండాలి, చుట్టూ ఉన్న ఐదూ ఖాళీ అయ్యాక అది ఇప్పుడు కనిపిస్తుంది కూడా.